రికార్డు రెండు వైపులా వినవలెను

సంగీతానికి భాషాభేదం లేదని, పసిపాపలను, పశువులను సైతం అది పరవశింపజేస్తుందని పెద్దలు చెప్పగా చిన్ననాటి నుండి వింటూనే ఉన్నాము. ఆ మాట చెప్పిన పెద్దలే గిటారు ధ్వని చెవిన పడగానే "ఇది సంగీతమా, వట్టి గోల" అని ముఖం చిట్లించుకొనుట కూడ చూస్తూనే ఉన్నాము. మన కళాశాల వార్షికోత్సవ కార్యక్రమాలను నిర్ణయించిన సమావేశంలో, ఒక పాశ్చాత్య రాక్ గీతానికి పది నిమిషాల వ్యవధి ఇప్పించవలసినదిగా మేము కోరినప్పుడు లభించిన సమాధానం ఇదే. "మన ఖవ్వాలీ ఉన్నది, మన పద్యం ఉన్నది. పరాయి గోల మనకెందుకు?" అన్నారు. పెద్దల మాటకు అక్కడికక్కడే ఎదురు చెప్పుట మర్యాద కాదని ఆనాడు మౌనం వహించాము. కాని మౌనం అంగీకారం కాదు. ఈ వార్షిక సంచికలో మాకు లభించిన నాలుగు పుటలను ఆ సమాధానానికి ప్రత్యుత్తరంగా వినియోగించుకొంటున్నాము. కళాశాల పాలక సంఘం వారు, అధ్యాపకులు, తోటి విద్యార్థినీ విద్యార్థులు ఓపికతో చదువగలరని మా నమ్మకం.

మొదట మేమెవరమో చెప్పుకొనుట న్యాయం. మేము నలుగురం. వసతి గృహంలో ఒకే గదిలో ఉంటున్నవాళ్లం. ఇద్దరికి ఇంటి భాష ఉర్దూ, ఇద్దరికి తెలుగు. మాలో ఒకరి మామూజాన్ 1980 ప్రాంతంలో గల్ఫ్ దేశంలో పని చేసి, తిరిగి వచ్చేటప్పుడు ఒక రేకుపెట్టె నిండా కాసెట్లు తెచ్చుకొన్నారు. ఆ పెట్టె, దానితోపాటు ఒక పాత టేప్‌రికార్డరు మా గదికి చేరినవి. ఒక్కొక్క కాసెట్టు నిడివి 90 నిమిషాలు. ఒక వైపు ఒక ఆల్బం, రెండవ వైపు మరొక ఆల్బం. సెల్‌ఫోనులో ఒక పాట సగం విని మరొక పాటకు దూకుట అలవాటైన మాకు ఆ యంత్రం పెద్ద శిక్షగా తోచినది. ముందుకు జరుపబోతే టేపు చిక్కుపడేది. గత్యంతరం లేక మొదటి నుండి చివరి వరకు వినవలసి వచ్చినది. ఆ శిక్షయే మాకు శిక్షణ అయినది. ఆల్బం అనగా పాటల మూట కాదని, అది ఒక గ్రంథం వంటిదని మాకు తెలిసినది అప్పుడే.

ఎల్.పి. రికార్డు ఒక్కొక్క వైపు ఇంచుమించు 20 నిమిషాలు పలుకుతుంది. పిమ్మట లేచి దానిని తిరగవేయవలెను. నాటకంలో తెర దించి మరల ఎత్తినట్లు, కళాకారునికి అక్కడ ఒక విరామం, ఒక ముగింపు, ఒక కొత్త ప్రారంభం లభిస్తాయి. 1960 తరువాతి దశాబ్దంన్నర కాలంలో రాక్ కళాకారులు ఈ ఏర్పాటును గుర్తించి, ఏ పాట ముందు, ఏ పాట వెనుక, ఏది ఏ వైపున అని ఆలోచించి రికార్డులను నిర్మించినారు. వాటిలో ఐదింటిని గూర్చి మా అభిప్రాయం చెప్పదలచాము. ఇవియే లోకంలో కెల్ల ఉత్తమమైనవని మేము వాదించుట లేదు. మాకు ప్రియమైనవి, మన కళాశాలకు పరాయివి కానివి అని మాత్రమే మా వాదం.

మొదటిది బీటిల్స్ బృందం వారి "సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్". ఇది 1967లో వెలువడినది. పాటల సాహిత్యాన్ని అట్టపైననే పూర్తిగా అచ్చు వేసి, వినేవానిని చదువరిగా కూడ గౌరవించిన రికార్డు ఇది. దీని రెండవ వైపు మొదటి పాట "వితిన్ యూ వితౌట్ యూ". చాలమంది దీనిని దాటవేస్తారు. మా దృష్టిలో రికార్డు మొత్తానికి ప్రాణం ఆ పాటయే. జార్జి హారిసన్ 1965లో "రబ్బర్ సోల్" ఆల్బంలోని ఒక పాటకు సితార్ వాయించినప్పుడు ఆయన దానిని శాస్త్రోక్తంగా నేర్చినవాడు కాడు. ఒక కొత్త రంగు వలె పూసినాడు, అంతే. కాని ఆయన అక్కడ ఆగలేదు. 1966లో పండిట్ రవిశంకర్‌ను ఆశ్రయించి, భారతదేశానికి వచ్చి, శిష్యుని వలె నేల మీద కూర్చుండి నేర్చుకొన్నాడు. 1967 నాటి ఈ పాటలో మిగిలిన ముగ్గురు బీటిల్స్ వాయించనే లేదు. లండనులోని భారతీయ వాద్యకారులు దిల్రుబా, తబలా, తంబురాలతో సహకరించినారు. వాటి పక్కన పాశ్చాత్య వయొలిన్లు, చెల్లోలు దిల్రుబా గమకాలను అనుసరించుటకు పడిన శ్రమ శ్రద్ధగా వింటే తెలుస్తుంది. ఇంత గంభీరమైన పాట చివర కొద్దిపాటి నవ్వుల ధ్వని వినవస్తుంది. తనను తాను మరీ గొప్పగా భావించుకొనరాదని హారిసనే దానిని చేర్చినాడు. నేర్చుకొనేవాని వినయం ఆ నవ్వులో ఉన్నదని మేము భావిస్తాము.

రెండవది మా నలుగురికీ మిక్కిలి ప్రియమైనది. పేరు "లైలా అండ్ అదర్ అసార్టెడ్ లవ్ సాంగ్స్". 1970లో డెరిక్ అండ్ ది డామినోస్ అను బృందం వారు అమెరికాలోని మయామీ నగరంలో రికార్డు చేసినారు. ఆ బృంద నాయకుడు ఎరిక్ క్లాప్టన్. అప్పటికే ఎంతో ప్రసిద్ధుడయి కూడ ఆయన తన పేరును అట్ట ముఖాన వేయించుకొనలేదు. అందుచేతనో ఏమో, మొదట్లో ఆ రికార్డుకు తగిన ఆదరణ లభించలేదు. లైలా అను పేరు ఎక్కడిదని మాలో ప్రశ్న పుట్టినది. వెదుకగా వెదుకగా తెలిసినది ఏమనగా, ఒక మిత్రుడు ఇచ్చిన నిజామీ గంజవీ కావ్యం "లైలా మజ్నూ" అనువాదాన్ని చదివి క్లాప్టన్ ఆ పాట రచించినాడు. నిజామీ ఆ కావ్యాన్ని పారశీకంలో 1188లో రచించినాడు. ఆ కథనే అమీర్ ఖుస్రో ఢిల్లీలో మరల కావ్యంగా చెప్పినాడు. మన తెలుగువారు 1949లో భానుమతి, అక్కినేని నటించిన "లైలా మజ్ను" చిత్రంగా చూసి కంట తడి పెట్టినారు. ఇంతమంది పెంచిన బిడ్డ మయామీలో గిటారు పట్టుకొని కనిపిస్తే పరాయిది అనుట ఎట్లు? ఈ ఆల్బంలో "ఐ యామ్ యువర్స్" అను మరొక పాట ఉన్నది. దాని రచయితల పేర్లలో క్లాప్టన్‌తో పాటు నిజామీ పేరు కూడ వేసినారు. 800 సంవత్సరాల క్రిందటి కవికి రుణం తీర్చిన పద్ధతి అది.

ఇక్కడ ఒక సంగతి మనవి చేయవలెను. ఆ సమావేశంలో "గోల" అన్నవారిలో మా ఉర్దూ ఉపన్యాసకులు కూడ ఒకరు. నిజామీని గూర్చిన సందేహంతో మేము వారి గదికి వెళ్లినప్పుడు, ఆ పాట తెచ్చి వినిపించండి అని వారే అన్నారు. టేప్‌రికార్డరు మోసుకొని వెళ్లాము. పాట ఏడు నిమిషాలు. మొదటి సగంలో క్లాప్టన్ కేకలు, గాజు సీసాను వేలికి తొడిగి తీగలపై జార్చుతూ డ్యుయేన్ ఆల్మన్ చేసిన గిటారు రోదనం. వారు కదలక కూర్చున్నారు. పిమ్మట పాట ఆగి పియానో మొదలయినది. మాటలు లేని ఆ నాలుగు నిమిషాలు కన్నులు మూసుకొని విన్నారు. అంతా అయిన తరువాత, "మొదటి సగం నాకు ఇప్పటికీ గోలయే. ఆ పియానో మరొకసారి వినిపించండి" అన్నారు. రెండవసారి విన్న తరువాత వారు చెప్పిన విమర్శ ఏ పత్రికలోను మేము చదువలేదు. "మీ గాయకుడు లైలాను బ్రతిమాలుచున్నాడు. నిజామీ మజ్నూ అడుగుట మానినవాడు. చివరకు లైలా ఎదుట నిలిచినా అడుగడు. మాటలు ఉన్నంతసేపు ఇతడు మజ్నూ కాలేదు. మాటలు ఆగిన తరువాత అయినాడు" అన్నారు. ఆ ఒక్క వాక్యంతో ఆ రికార్డు మాకు మరల కొత్తదయినది. మేము వారికి ఒక పాట వినిపించాము, వారు మాకు దానిని వినుట నేర్పినారు. మర్నాడు వారు నిజామీ కథను ఉర్దూ వచనంలో చెప్పిన ఒక పాత పుస్తకం తెచ్చి ఇచ్చినారు. ఉర్దూ చదువలేని మా ఇద్దరికి మిగిలిన ఇద్దరు రాత్రిపూట చదివి అర్థం చెప్పినారు.

మూడవది లెడ్ జెపెలిన్ బృందం వారి నాలుగవ ఆల్బం. 1971లో వచ్చినది. అట్ట మీద ఆల్బం పేరు లేదు, బృందం పేరు సైతం లేదు. లోకులు ఇందులోని "స్టెయిర్‌వే టు హెవెన్" పాటను మెచ్చుకొంటారు. మేము రెండవ వైపు చివరి పాట "వెన్ ది లెవీ బ్రేక్స్"ను మెచ్చుకొంటాము. ఇంగ్లండులో ఒక పాత భవనపు హాలులో డప్పులను ఉంచి, మెట్ల మీది నుండి మైకులను వ్రేలాడదీసి ఆ ధ్వనిని పట్టినారు. గట్టు తెగి వచ్చు నీటి హోరు ఆ డప్పులలో వినిపిస్తుంది. ఈ పాట వారి సొంతం కాదు. 1927లో అమెరికాలో మిసిసిపీ నది వరదలు వేలాది నల్లజాతి రైతుకూలీలను నిరాశ్రయులను చేసినవి. కాన్సస్ జో మెక్కాయ్, మెంఫిస్ మిన్నీ అను నల్లజాతి దంపతులు 1929లో ఆ దుఃఖాన్ని పాడి రికార్డు ఇచ్చినారు. ఈ పాట వింటున్నప్పుడు మాకు మూసీ నది గుర్తుకు వస్తుంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తినప్పుడు తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొన్న కవి అమ్జద్ హైదరాబాదీ ఆ ఘోరాన్ని ఉర్దూ కవితగా వ్రాసినారు. మిసిసిపీ ఎక్కడ, మూసీ ఎక్కడ? ఐనను గట్టు తెగినప్పుడు మనిషి పెట్టు కేక ఒక్కటే.

అభిమానులమైనంత మాత్రాన దోషాలను కప్పిపుచ్చము. లెడ్ జెపెలిన్ వారు ఈ పాటకు మెంఫిస్ మిన్నీ పేరును తమ పేర్ల పక్కన చేర్చినారు, సంతోషం. కాని 1969లో వారికి ఎంతో కీర్తి తెచ్చిన "హోల్ లాటా లవ్" పాటకు విల్లీ డిక్సన్ అను నల్లజాతి రచయిత పేరు చెప్పలేదు. ఆయన న్యాయస్థానానికి వెళ్లవలసి వచ్చినది. 1987లో రాజీ కుదిరినది. వారి 1975 నాటి "కశ్మీర్" పాట కూడ మాకు ఇష్టమే. ఐతే అది కశ్మీరాన్ని చూసి వ్రాసినది కాదు. మొరాకో ఎడారి దారిలో ప్రయాణిస్తున్నప్పుడు తట్టినది. చూడని దేశం పేరు అందంగా ఉన్నదని పెట్టుకొనుట మాకు అంతగా నచ్చదు.

నాలుగవది పింక్ ఫ్లాయిడ్ వారి "ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్". 1973 మార్చిలో వెలువడి, 1988 వరకు అమెరికా బిల్‌బోర్డు పట్టికలో మొత్తం 741 వారాలు నిలిచిన రికార్డు ఇది. కాలం, ధనం, మరణం, మతిభ్రంశం ఇందులోని విషయాలు. రెండవ వైపు మొదటి పాట "మనీ". నాణేల గలగల, గల్లాపెట్టె చప్పుడులతో మొదలవుతుంది. ఇది చాలవరకు ఏడు లెక్కలలో నడుస్తుంది. పాశ్చాత్య జనరంజక సంగీతంలో ఏడు అరుదు. మనకు మాత్రం అది ఇంటి లెక్క. కర్ణాటక సంగీతంలో మిశ్రచాపు ఏడు, హిందుస్తానీలో రూపక్ తాళం ఏడు. మృదంగం నేర్చిన మా మిత్రుడొకడు ఈ పాటకు మొదటిసారి వినగానే తొడ మీద తాళం వేసినాడు. మధ్యలో గిటారు విజృంభించునప్పుడు పాట నాలుగు లెక్కలకు మారి, మరల ఏడుకు వస్తుంది. ఆ మార్పు దగ్గర మేము ముగ్గురం తప్పినాము, అతడు తప్పలేదు.

మొదటి వైపు ముగింపులో క్లేర్ టోరీ అను గాయని ఒక్క మాట కూడ లేకుండ కంఠంతోనే మరణ భయాన్ని, శాంతిని పలికించినది. మన ఆలాపన ఎరిగినవారికి అది అర్థమగుటకు అనువాదం అక్కరలేదు. ఆనాడు ఆమెకు ముట్టినది 30 పౌండ్లు. ఆ రాగాన్ని కల్పించినది తానేనని ఆమె 2004లో న్యాయస్థానానికి వెళ్లినది. 2005లో రాజీ కుదిరిన పిమ్మట ఆమె పేరు కూడ స్వరకర్తగా చేర్చినారు. 32 ఏండ్లు పట్టినది.

ఐదవది "ది కాన్సర్ట్ ఫర్ బంగ్లాదేశ్". 1970 నవంబరు తుఫాను, పిమ్మట 1971 యుద్ధం వలన లక్షలాది ప్రజలు శరణార్థులయినప్పుడు, రవిశంకర్ తన శిష్యుడైన హారిసన్‌ను సహాయం అడిగినారు. 1971 ఆగస్టు 1న న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రెండు కచేరీలు జరిగినవి. ఆ సంవత్సరాంతంలో మూడు రికార్డుల ఆల్బంగా వచ్చినది. ఇందులో మొదటి వైపు రాక్ సంగీతం కాదు. రవిశంకర్ సితార్, అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లారఖా తబలా, కమలా చక్రవర్తి తంబురాలతో సాగిన "బంగ్లా ధున్". వాద్యాలను శ్రుతి చేసుకొనుచుండగానే శ్రోతలు అదియే సంగీతమనుకొని చప్పట్లు కొట్టినారు. శ్రుతి చేయుటయే ఇంత నచ్చితే అసలు వాదనం మరింత నచ్చగలదని రవిశంకర్ నవ్వుతూ అన్న మాట ఆ రికార్డులోనే ఉన్నది. తెలియకపోవుట వారి తప్పు కాదు. తెలియకున్నను కూర్చుండి విన్నారు. ఆ వేలాది అమెరికా యువజనులు మన సితార్‌కు ఇచ్చిన ఓపికను మనం వారి గిటారుకు ఇవ్వలేమా? మరొక విశేషం. సితార్, సరోద్ వాయించిన ఇద్దరికీ గురువు ఒక్కరే. అలీ అక్బర్‌కు తండ్రి కూడ అయిన ఉస్తాద్ అల్లాఉద్దీన్ ఖాన్. ఆయన పుట్టిన ఊరు ఇప్పటి బంగ్లాదేశ్‌లోనే ఉన్నది. గురువు పుట్టిన నేలకు శిష్యులు న్యూయార్కులో తీర్చిన రుణం ఆ మొదటి వైపు.

ఇప్పుడు "పరాయి" అను మాటను గూర్చి. మన ఖవ్వాలీ గాయకుని ముందున్న హార్మోనియం ఎక్కడిది? ఐరోపా నుండి వచ్చినది. పౌరాణిక నాటకంలో పద్యానికి శ్రుతి పట్టు హార్మోనియం అదియే. వయొలిన్‌ను కర్ణాటక సంగీతంలోనికి తెచ్చినవారు బాలుస్వామి దీక్షితులు. ఆనాడు దానిని చూసి ముఖం చిట్లించుకొన్న పెద్దలు లేకపోలేదేమో. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో అది పలికిన తరువాత దానిని విదేశీ వాద్యమని ఏ తెలుగువాడు అనగలడు? కావున ఒక వస్తువు ఎక్కడ పుట్టినదనునది ప్రశ్న కాదు. దానిని తెచ్చుకొన్నవారు ఎంత శ్రద్ధతో నేర్చినారు, ఎవరి వద్ద తెచ్చినారో ఆ పేరు చెప్పినారా లేదా అనునదే ప్రశ్న. హారిసన్ నేర్చినాడు. క్లాప్టన్ నిజామీ పేరు చెప్పినాడు. విల్లీ డిక్సన్ పేరు చెప్పనివారు తప్పు చేసినారు. తెచ్చుకొనుట తప్పు కాదు, పేరు దాచుట తప్పు. ఈ కొలబద్దను మన సినిమా పాటలకు కూడ పెట్టి చూడవలెనని మా కోరిక.

ఈ సంగీతకారుల జీవితాలు ఆదర్శప్రాయాలు కావని పెద్దలు అంటారు. నిజమే. జిమీ హెండ్రిక్స్ 1970లో 27వ ఏట నిద్రమాత్రలకు బలి అయినాడు. లెడ్ జెపెలిన్ డప్పులవాడు జాన్ బోనం 1980లో మద్యానికి బలి అయినాడు. దీనిని మేము శోకంతోనే తలచుకొంటాము, గొప్పగా కాదు. పాట వినుటకు పాడినవాని దురలవాట్లు నేర్వనక్కరలేదు. ఇక మా దోషం కూడ చెప్పవలెను. పరీక్షల రోజులలో ఒక రాత్రి మేము టేప్‌రికార్డరును హద్దు మీరి మ్రోగించగా, పక్కగది విద్యార్థి వచ్చి కన్నీళ్లతో బ్రతిమాలినాడు. ఆ రాత్రి అతనికి అది గోలయే. ఆ మాటకు మేము అర్హులమే. మరొక దోషం ఇంకా పెద్దది. ఐదు ఆంగ్ల ఆల్బంలను వరుస తప్పకుండ చెప్పగల మాలో ఒక్కరికీ ఒక త్యాగరాజ కీర్తన గాని, ఒక పూర్తి గజల్ గాని నోటికి రాదు. "మనది" అని పెద్దలు చెప్పినప్పుడు మాకు కోపం వచ్చినది గాని, ఆ మనది మాకెంత తెలుసునని ఆనాడు మమ్ములను మేము అడుగుకొనలేదు.

కావున వార్షికోత్సవంలో పది నిమిషాలు ఇమ్మని ఈసారి మేము అడుగుట లేదు. పాలక సంఘం వారికి మా విన్నపం వేరు. ప్రతి శనివారం సాయంత్రం గ్రంథాలయం పక్కనున్న చిన్న గదిని మాకు ఒక గంట ఇప్పించవలెను. ఒక వారం ఖవ్వాలీ లేక గజల్, ఒక వారం కీర్తన లేక పద్యం, ఒక వారం రాక్ ఆల్బం. ఏదైనను మొదటి నుండి చివరి వరకు వినవలెను. సెల్‌ఫోనులు బయట ఉంచవలెను. వినిపించువారు ముందుగా ఐదు నిమిషాలు ఆ సంగీతం ఎవరిది, ఎవరికి రుణపడినది అని చెప్పవలెను. తరువాత ఎవరైనను నచ్చలేదని చెప్పవచ్చును. వినకుండ మాత్రం చెప్పరాదు. దీనికి కావలసిన ఖర్చు అతి స్వల్పం. టేప్‌రికార్డరు మా వద్దనే ఉన్నది. మొదటి శనివారానికి నిజామీని గూర్చి మాట్లాడుటకు మా ఉర్దూ ఉపన్యాసకులు అంగీకరించినారు. మొదటి సగం నడుస్తున్నంతసేపు తాము వరండాలో నిలబడతామని మాత్రం షరతు పెట్టినారు. ఆ షరతుకు మేము సంతోషంగా ఒప్పుకొన్నాము. రెండవ వైపు వేసినప్పుడు వారు లోపలికి వస్తారు కదా.